రాయి అగ్గువ, కోత పిరం

"తాతా, నానమ్మ గోరీకి రెండు దుకాణాల్లోనూ ఒకటే కొలత చెప్పినం. ఒకాయన చెప్పిన ధరకు ఇంకొకాయనది మూడింతలుంది. ఎవరో ఒకరు మోసం చేస్తున్నట్టే కదా?"

మా మనవరాలి అనుమానం ఇది. పేట్ బషీరాబాద్ దాటి మేడ్చల్ వైపు పోతుంటే హైవే పక్కన ఏటవాలుగా నిలబెట్టిన గ్రానైట్ పలకలు కనిపిస్తాయి. నల్లవి, బూడిదరంగువి, గులాబీవి. వంటింటి గట్టుకూ, మెట్లకూ, గోరీకీ అవే పలకలు. మా వైపు పూడ్చిపెట్టే ఆచారమున్న కులాలు చాలానే ఉన్నాయి. సంవత్సరీకానికి గోరీ కట్టించి, తలవైపు పేరు రాయి నిలబెడతారు. క్రైస్తవ కుటుంబాల్లో చాలామంది నవంబరు 2న వచ్చే సమాధుల పండుగకు రాయి సిద్ధం కావాలని తొందరపడతారు. ముస్లింలలో చాలామంది మట్టి గోరీతోనే సరిపెడతారు. ఎవరి ఆచారం వాళ్ళది. రాయి కొనబోతే మాత్రం అందరికీ వర్తించే లెక్క ఒక్కటే.

"మోసం కాకపోవచ్చు బిడ్డా. రాయి ధర అని మనం అనుకునేదాంట్లో రాయి వాటా చాలా తక్కువ. కూర్చో, ఒక్కొక్కటే చూద్దాం" అన్నాను.

ముందు రాయి సంగతి. మా ఇంటికి బోరు వేసినప్పుడు పైన ఎర్రమట్టి వచ్చింది, దాని కింద గరుకు మొరం, ఆ కింద రాయి. ఇక ఎంత లోతుకు పోయినా రాయే. భూగర్భంలో కరిగి ఉన్న శిలాద్రవం మెల్లమెల్లగా చల్లారి, స్ఫటికాలు కట్టి గట్టిపడితే అయిన గ్రానైట్ అది. వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. హైదరాబాద్ చుట్టూ కనిపించే గుట్టలూ గుండ్లూ చాలామటుకు దీని సంతానమే. దగ్గరగా చూస్తే అందులో గింజలు కనిపిస్తాయి. గాజులా ఉండేది క్వార్ట్జ్. తెల్లగానో గులాబీగానో ఉండేది ఫెల్డ్‌స్పార్. నల్లటి చుక్కలు బయోటైట్, హార్న్‌బ్లెండ్ అనే ఖనిజాలు. గులాబీ ఫెల్డ్‌స్పార్ ఎక్కువైతే గులాబీ రాయి, తక్కువైతే బూడిదరంగు రాయి.

ఈ రాయిని చనిపోయినవాళ్ళ గుర్తుగా పెట్టడం కూడా ఇక్కడ కొత్తేమీ కాదు. మనకు దగ్గర్లోనే, బోయిన్‌పల్లి పక్కన హస్మత్‌పేటలో ఇనుప యుగం నాటి బృహత్ శిలా సమాధులున్నాయి. పల్లెల్లో అలాంటివాటిని రాక్షస గుళ్ళు అంటారు. నారాయణపేట జిల్లా ముడుమాలలో పది అడుగులకు పైన ఎత్తున్న నిలువురాళ్ళు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఆ రాళ్ళ మీద పేరు లేదు, పాలిష్ లేదు. మోసుకొచ్చి నిలబెట్టడమే ఖర్చంతా.

"కాళ్ళ కిందనే ఇంత రాయి ఉంటే మరి పిరం ఎందుకు?" అంది మనవరాలు.

ఎందుకంటే బిడ్డా, రాయి ఉండటం వేరు, పలక కావడం వేరు. షాబాద్ బండ, తాండూరు బండ చూడు. ఒకప్పటి సముద్రం అడుగున పొర మీద పొర పేరుకుని అయిన సున్నపురాయి అది. పొర వెంట ఉలి పెట్టి కొడితే పలకలా లేచి వస్తుంది. కోత పని సగం ప్రకృతే చేసి పెట్టింది కాబట్టి అగ్గువ. గ్రానైట్‌లో అట్లాంటి పొరలు లేవు. గింజలన్నీ ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. చీలిక ఎటు పోవాలో మనమే చెప్పాలి.

ఆ చెప్పడం వడ్డెర పనివాళ్ళకు తెలిసిన విద్య. రాయి మీద చెయ్యి వేసి, ఎటువైపు కొడితే సాఫుగా చీలుతుందో పసిగడతారు. వరుసగా చిన్న గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి, ఒక్కోదాని మీద సమ్మెట దెబ్బ వేసుకుంటూ పోతారు. కాసేపటికి ఒక గీత వెంట రాయి నోరు తెరుస్తుంది. బండ మీద మంట పెట్టి పలకలు లేపే పద్ధతి కూడా ఉండేది. వేడికి క్వార్ట్జ్ ఎక్కువ ఉబ్బుతుంది, ఫెల్డ్‌స్పార్ తక్కువ ఉబ్బుతుంది. ఆ పెనుగులాటలో పై పొర విడిపోతుంది.

ఇప్పుడు ఈ పని చాలావరకు వజ్రం చేస్తోంది. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా ఉండే మోస్ కొలతలో చెబుతారు. పాలరాయిలోని కాల్సైట్ 3. చాకు మొన అయిదున్నర దగ్గర ఉంటుంది. ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. వజ్రం 10. గ్రానైట్‌ను ఇనుప రంపంతో నేరుగా కోయలేం, రంపమే అరిగిపోతుంది. అందుకే రంపపు అంచుకు సన్నటి వజ్రపు పొడి పట్టించిన ముక్కలు అతికిస్తారు. నగలో పెట్టే వజ్రం కాదులే. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో కృత్రిమ వజ్రం తయారుచేయడం సాధ్యమైంది. ఆ తర్వాతే వజ్రం కార్ఖానా పనిముట్టయింది. వజ్రాలకు పేరుపడ్డ గోల్కొండ ఉన్న ఊరిలో ఇవాళ ప్రతి గ్రానైట్ కట్టర్‌కూ వజ్రాలున్నాయి. ఆ రంపపు బిళ్ళలు అరుగుతాయి, కరెంటు కాలుతుంది, నీళ్ళు పారుతూ ఉండాలి. మనం కట్టే డబ్బు ముందుగా పోయేది అక్కడికి.

ఇప్పుడు ఆ రెండు ధరల దగ్గరకు వద్దాం. తలవైపు రాయి రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. ఒకాయన 20 మిల్లీమీటర్ల పలక అని రాశాడు. ఇంకొకాయన నాలుగంగుళాల దిమ్మ అని రాశాడు. మీరు పొడవూ వెడల్పూ చెప్పారు, మందం చెప్పలేదు. తేడా అంతా అందులోనే ఉంది.

గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 2700 కిలోల బరువు. మన కొలతకు లెక్కేస్తే పలక 30 కిలోలు, దిమ్మ 150 కిలోలు. పలకను ఇద్దరు మనుషులు చేతుల మీద తీసుకుపోతారు. దిమ్మకు ట్రాలీ కావాలి, నలుగురు కావాలి, కింద పునాది కావాలి. మరి రాయి అయిదింతలు పట్టింది కాబట్టి ధర కూడా అయిదింతలు ఉండాలా? అక్కర్లేదు. రంపం తిరిగిన దారిలో రాయి పొడైపోతుంది కదా. ఒక్కో కోతకు అయిదు మిల్లీమీటర్లు పోయిందనుకుందాం. అప్పుడు పలక ఒక్కోటి 25 మిల్లీమీటర్ల రాయిని తింటుంది, దిమ్మ 105 తింటుంది. అంటే నాలుగింతల పైచిలుకు. కోత మాత్రం రెండింటికీ దాదాపు సమానమే. పలక ధరలో ఎక్కువ భాగం పని, దిమ్మ ధరలో ఎక్కువ భాగం రాయీ మోతా. అందుకే మూడింతలన్న మాట వినగానే మోసం అనుకోవద్దు. మందం అడగాలి.

తర్వాత వైశాల్యం. దుకాణంలో లెక్క చదరపు అడుగుల్లో ఉంటుంది. ఆరున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న గోరీకి చుట్టూ పలకలు తొడిగించాలనుకో. పైకప్పు పదహారుంబావు చదరపు అడుగులు. రెండు పక్కలూ కలిపి పంతొమ్మిదిన్నర. తలా కాళ్ళ వైపులు ఏడున్నర. పేరు రాయికి రెండు ముఖాలూ కలిపి పన్నెండు. మొత్తం 55 చదరపు అడుగులు దాటింది. చదరపు అడుగు వంద రూపాయలనుకుంటే రాయికే అయిదున్నర వేలు. ఆ వంద లెక్క తేలిగ్గా ఉండటానికి అనుకున్నదే, అసలు ధర దుకాణంలోనే తెలుస్తుంది. దాని మీద అంచుల నునుపు, కోతలో పోయే ముక్కలు, సిమెంటు, కూలీ.

ఇప్పుడు గోరీ ఎత్తును అడుగున్నర నుంచి తొమ్మిది అంగుళాలకు దించి చూడు. పదమూడున్నర చదరపు అడుగులు తగ్గిపోతాయి. దాదాపు పావు వంతు బిల్లు. నానమ్మకు అందువల్ల తక్కువైందేమీ లేదు. ఇంకో కిటుకు, దుకాణాల్లో పలకలు రెండు రకాలు. చిన్న రంపం మీద కోసిన సన్న పలకలను కట్టర్ సైజు అంటారు. పెద్ద దిమ్మెను ఒకేసారి కోసిన వెడల్పు పలకలను గ్యాంగ్‌సా అంటారు, అవి పిరం. రెండున్నర అడుగుల వెడల్పు గోరీకి సాధారణంగా కట్టర్ సైజే సరిపోతుంది.

"రంగు సంగతేంది తాతా? అందరూ నల్లదే అంటున్నరు."

నల్ల గ్రానైట్ అని అమ్మేది భూగర్భ శాస్త్రం లెక్కలో గ్రానైట్ కాదు. డోలరైటో, గాబ్రోనో అయి ఉంటుంది. పాత గ్రానైట్‌లో పడ్డ పగుళ్ళలోకి కింద నుంచి ఎగదన్నిన శిలాద్రవం గడ్డకట్టి, సన్నటి గోడల్లా నిలిచిపోయింది. అట్లాంటి గోడలనే డైకులంటారు. క్వార్ట్జ్ దాదాపు ఉండదు, ఇనుమూ మెగ్నీషియమూ ఉన్న నల్ల ఖనిజాలు ఎక్కువ. ఘనపు మీటరుకు 3000 కిలోల దాకా తూగుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా పేరుపడింది. నల్లటి నేల మీద బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు గింజలు. కరీంనగర్ వైపు గోధుమరంగు రాయిని ట్యాన్ బ్రౌన్ అంటారు. ఆ దిమ్మెలు కాకినాడ ఓడరేవు మీదుగా విదేశాలకు పోతాయి. చీమకుర్తి నుంచి ఇక్కడికి మూడొందల కిలోమీటర్ల పైన లారీ రావాలి. టన్ను రాయి అన్ని కిలోమీటర్లు ప్రయాణిస్తే ఆ డీజిలు కూడా గోరీ మీదికే చేరుతుంది.

అయితే నల్లరాయికి జనం ఎగబడటంలో న్యాయం లేకపోలేదు. దాని మీద చెక్కిన అక్షరం రంగు వేయకుండానే తెల్లగా కనిపిస్తుంది. ఎందుకో చెప్పు? పటికబెల్లం గడ్డను చూడు, అద్దంలా ఉంటుంది. దంచితే తెల్లటి పొడి. పదార్థం మారలేదు. గడ్డలో వెలుగు సాఫుగా లోపలికి పోతుంది, పొడిలో అన్ని వైపులకూ చెదిరిపోతుంది. నల్లరాయికి బాగా పాలిష్ పెడితే పైన మిగిలిన గీతలు వెలుగు తరంగం కన్నా చిన్నవవుతాయి. కంటికి కనిపించే వెలుగు తరంగం పొడవు ఒక మిల్లీమీటరులో రెండువేలో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. అప్పుడు పలక అద్దమై నల్లగా కనిపిస్తుంది. ఇసుక చిమ్మిగానీ, లేజర్‌తోగానీ గరుకు చేసిన చోట వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. బూడిదరంగు రాయి ముందే వెలుగును చెదరగొడుతుంది కాబట్టి దాని మీద ఆ తేడా కనిపించదు. రంగు నింపాలి. ఎండకు ఆ రంగు పోతుంది, కొన్నేళ్ళకోసారి మళ్ళీ నింపించాలి. ఈ ఖర్చు కొటేషన్‌లో ఉండదు.

బూడిదరాయికీ ఒక ఉపాయముంది. అక్షరాన్ని లోతుగా, ఏటవాలు అంచులతో చెక్కిస్తే రంగు చేసే పని నీడ చేస్తుంది. మనది 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం. వేసవి మధ్యాహ్నాల్లో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. నిలువు రాయి మీద ఆ వెలుగు పైనుంచి రాసుకుంటూ దిగుతుంది, చెక్కిన గాట్లలో నీడ పడుతుంది. పడుకోబెట్టిన పలక మీద అదే వెలుగు తిన్నగా పడి నీడను మింగేస్తుంది. పైగా పడుకున్న పలక మీద నీళ్ళు నిలుస్తాయి, దుమ్ము చేరుతుంది. కాబట్టి పేరు నిలువు రాయి మీదే ఉండాలి.

నల్లరాయి కొనేటప్పుడు ఒక పరీక్ష. కొన్నిచోట్ల ముదురు బూడిదరాయికి నల్లరంగో నూనో పట్టించి అసలు నలుపని అమ్ముతారు. తెల్ల గుడ్డకు గోళ్ళ రంగు తుడిచే అసిటోన్ అద్ది, పలక మూల మీద గట్టిగా రుద్దు. గుడ్డ నల్లబడితే ఆ నలుపు రాయిది కాదు.

"పాలరాయి పెట్టిస్తే? తాజ్‌మహల్ అంతా అదే కదా."

అందమే. కానీ పాలరాయి, షాబాద్ బండ, కడప బండ అన్నీ సున్నపురాయి కుటుంబం. నిమ్మరసం చుక్క వేసి కాసేపటికి తుడిచి చూడు, పాలిష్ పోయి మచ్చ మిగులుతుంది. వాన కూడా బాగా పలచబడిన నిమ్మరసమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి, శుభ్రమైన వాన నీటికి కూడా 5.6 దగ్గర పీహెచ్ ఉంటుంది. బొగ్గూ డీజిలూ కాలే ఊర్లలో గంధకం, నైట్రోజన్ ఆమ్లాలు తోడవుతాయి. స్కాట్లండ్ భూగర్భ శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ గైకీ 1880లో ఎడింబరో శ్మశానాల్లో తిరిగి ఈ సంగతే పరిశీలించాడు. సమాధి రాయి మీద తేదీ ఉంటుంది కదా, ఎన్నేళ్ళకు ఎంత అరిగిందో లెక్క తీయడానికి అంతకన్నా మంచి సాధనం ఏముంది? అక్కడి పొగలో పాలరాతి మీద పేర్లు నూరేళ్ళు కూడా నిలవడం లేదని తేల్చాడు. గ్రానైట్‌ను వాన ఇంత తేలిగ్గా కరిగించలేదు. కుతుబ్‌షాహీ సమాధుల్లో నల్లరాతి మీద చెక్కిన లిపి నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా చదవడానికి వస్తోంది. అవి గుమ్మటాల కింద, వానకు దూరంగా ఉండటం కూడా కలిసొచ్చింది.

ఇక అక్షరాలు. చాలాచోట్ల అక్షరానికి ఇంత అని లెక్క కడతారు. ఇది కూడా పాత పద్ధతే. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికులకు అందరికీ ఒకే కొలత రాయి పెట్టాలని నిర్ణయించారు. ఎత్తు రెండడుగుల ఎనిమిదంగుళాలు, వెడల్పు అడుగు మూడంగుళాలు. జనరల్‌కైనా సిపాయికైనా అదే. కింద ఇంటివాళ్ళు ఒక మాట రాయించుకోవచ్చు, ఖాళీలతో కలిపి 66 అక్షరాలు మించకూడదు. అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారు. తర్వాత ఇష్టమున్నవాళ్ళు ఇస్తే చాలన్నారు. డబ్బుండి రాయించుకునేవాళ్ళు, లేక ఊరుకునేవాళ్ళు అనే తేడా రాకూడదని న్యూజిలాండ్ అసలు రాతలే వద్దంది. మన హైదరాబాద్‌లో నిజాం సేనల్లో పనిచేసిన ఫ్రెంచి సేనాపతి రేమండ్ 1798లో చనిపోయాడు. ఆయన సమాధి మీద నిలబెట్టిన నల్లరాతి స్తంభం ఏడు మీటర్లుంటుంది. దాని మీద ఆయన పేరుకు గుర్తుగా చెక్కినవి రెండు పొడి అక్షరాలే. రాతి బిల్లు కొండంత, అక్షరాల బిల్లు రెండు.

మన లిపికి ఇంకో చిక్కుంది. "లక్ష్మి" ఎన్ని అక్షరాలు? మనకు రెండు. ఒత్తుకూ గుడికీ విడిగా లెక్క కట్టే దుకాణమైతే అంతకు మించి. ముందే అడగాలి. పని ఎట్లా చేస్తారంటే, కంప్యూటర్లో పేరు వేసి, స్టిక్కర్ కోసి రాయి మీద అంటించి, తెరిచి ఉన్న చోట ఇసుకలాంటి గరుకు పొడిని గాలి వేగంతో చిమ్ముతారు. తెలుగు అక్షరాలన్నీ సున్నాలూ చుట్లూ కదా. చిన్న సైజులో చుట్టు మధ్యలోని స్టిక్కర్ ముక్క ఊడిపోతే ఆ చుట్టు మొత్తం పూడ్చుకుపోయి గుంటవుతుంది. ఒత్తు మచ్చలా తేలుతుంది.

ఎంత పెద్దగా ఉండాలో కన్నే చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా తేడా పట్టగలదు. పది అడుగుల దూరంలో అది దాదాపు ఒక మిల్లీమీటరు. నా వయసు కళ్ళకు రెండు మూడింతలు కావాలి. అంటే అక్షరపు గీతకూ గీతకూ మధ్య సందు మూడు మిల్లీమీటర్లన్నా ఉండాలి. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, గోడకు అంటించి, పది అడుగులు వెనక్కి జరిగి నన్ను చదవమనండి. నేను చదివితే ఊర్లో అందరూ చదువుతారు. పుట్టిన తేదీ, ఇంటిపేరు, ఒత్తులు కూడా అప్పుడే సరిచూసుకోవచ్చు. కాగితం మీద తప్పు దిద్దడానికి ఖర్చు లేదు, రాయి మీద దిద్దాలంటే కొత్త రాయి కొనాలి.

ఫోటో పెట్టిస్తారా? మామూలు ప్రింటు మీద గాజు వేసినా, ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు అణువులను విరగ్గొట్టి వెలిసిపోయేట్టు చేస్తాయి. పింగాణీ బిళ్ళ మీద లోహపు రంగులతో కొలిమిలో కాల్చిన ఫోటో ఎన్నో రెట్లు నిలుస్తుంది. లేదా నల్లరాయి మీద లేజర్ బొమ్మ.

పునాది మాట చాలామంది మరిచిపోతారు. తవ్వి తిరిగి పూడ్చిన మట్టి గుల్లగా ఉంటుంది, మధ్యలో గాలి ఖాళీలుంటాయి. ఒక వానాకాలం నీళ్ళు ఇంకితేనే మట్టి కూర్చుంటుంది. తొందరపడి గోరీ కట్టేస్తే కింద మట్టి దిగి, పైన పలక విరుగుతుంది. ఏడాది ఆగే ఆచారంలో ఈ తెలివి కూడా ఉంది. బరువైన తల రాయి పునాది కదిలించని నేలలోకి దిగాలి, పూడ్చిన మట్టి మీద కాదు.

పలకల మధ్య సందు కూడా వదలాలి. రెండు మీటర్ల గ్రానైట్ పలక 30 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు దాకా సాగుతుంది. అర మిల్లీమీటరే కదా అనకు. రెండు చివర్లా సిమెంటుతో బిగించేస్తే సాగడానికి చోటు లేక ఎక్కడో ఒకచోట లేస్తుంది. నల్లది ఎండను ఎక్కువ మింగుతుంది కాబట్టి దానికి ఈ బాధ ఎక్కువ. రాళ్ళను కలిపే కడ్డీ ఇనుపది వద్దు. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, లోపలి నుంచి రాయిని పగలగొడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. కట్టాక మేస్త్రీ సిమెంటు మరకలకు యాసిడ్ పోస్తానంటే వద్దనండి. రాయిలోని ఇనుప ఖనిజాలు కరిగి పసుపు మరకలు తేలతాయి. నీళ్ళూ మెత్తని బ్రష్షూ చాలు.

పన్ను సంగతి ఒక్క ముక్కలో. అంత్యక్రియల సేవ జీఎస్టీ చట్టం పరిధిలోకే రాదు. పాలిష్ చేసిన గ్రానైట్ మీద మాత్రం 18 శాతం పడుతుంది. అడిగేటప్పుడు ధర పన్నుతో కలిపా, పన్ను కాకనా అని రాయించుకోవాలి. ఊరి శ్మశానం కాకుండా చర్చి సమాధుల తోటో, సంఘం స్థలమో అయితే రాయి కొలతలకు వాళ్ళ నియమాలుంటాయి, ముందు అక్కడ అడిగిన తర్వాతే దుకాణానికి వెళ్ళాలి.

ఇంకొక ఖర్చుంది, అది మన బిల్లులో ఎప్పుడూ కనపడదు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుందన్నాను కదా, అది సుమారు పావు వంతు దాకా ఉంటుంది. పొడిగా కోస్తే ఆ సిలికా ధూళి కంటికి కనపడనంత సన్నగా లేచి, కోసేవాడి ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది. అక్కడ గాయాలు చేసి, మచ్చలు కట్టి, ఏళ్ళ తర్వాత శ్వాస అందకుండా చేస్తుంది. సిలికోసిస్ అంటారు. వచ్చాక మళ్ళీ మామూలు చేసే మందు లేదు. నీళ్ళు పారిస్తూ కోస్తే ధూళి చాలావరకు బురదగా పోతుంది. ఒక దుకాణంలో పనివాడు తలకు తువ్వాలు చుట్టుకుని తెల్లటి పొగలో కోస్తుంటాడు. ఇంకోచోట నీళ్ళ పైపు పెట్టి కోస్తారు, దానికి పది శాతం ఎక్కువ అడుగుతారనుకో. ఆ పది శాతం రాయి ధర కాదు, ఒక మనిషి ఊపిరి ధర. అక్కడ బేరం ఆడొద్దు.

"ఇన్ని చెప్పినవ్, మరి మనం ఏది కొందాం?"

నన్నడిగితే, మెరుపుకూ ఎత్తుకూ పోయే డబ్బు మిగిలించి అక్షరానికీ పునాదికీ పెడతాను. గోరీ చుట్టూ పలకలు తొడగక్కర్లేదు, తక్కువ ఎత్తున రాతి కట్టుబడి చాలు, మధ్యలో మట్టి వదిలేస్తే తులసి పెట్టుకోవచ్చు. తలవైపు నిలువు రాయి మాత్రం నాలుగంగుళాల దిమ్మ. ఈ చుట్టుపక్కల బూడిదరాయే తీసుకోండి, దాన్ని మూడొందల కిలోమీటర్లు మోయించే పని లేదు. అక్షరాలు లోతుగా, పెద్దగా. నల్లదే కావాలని మీ అమ్మ అంటే అదీ మంచిదే, అప్పుడు కొలత తగ్గించండి. ఏ రాయైనా కొటేషన్‌లో మందం, రాయి పేరు, అక్షరం లోతు, బిగింపు కడ్డీ, పన్ను అన్నీ రాసి ఇమ్మనండి. ఇవన్నీ రాసి ఉన్న రెండు కాగితాలను పక్కపక్కన పెడితేనే పోలిక. అంతకుముందు పెట్టుకున్నవి రెండు వేర్వేరు వస్తువుల ధరలు.

దుకాణానికి పోయేటప్పుడు టేపు, నిమ్మకాయ, తెల్లగుడ్డ, నీ గోళ్ళ రంగు తుడిచే సీసా సంచిలో వేసుకో. పేరుకింద ఏం రాయించాలో ఇంట్లో అందరూ కూర్చుని ముందు తేల్చుకోండి. మీ నానమ్మ తక్కువ మాట్లాడే మనిషి, అక్షరాల బిల్లు పెద్దగా కాదు.